విమానాశ్రయ టెర్మినళ్లలో విభిన్న ప్రతిభావంతులకు సౌకర్యాలు: చట్టం నిర్దేశించినవి, ప్రయాణికులు అడిగి పొందవలసినవి

(ప్రత్యేక వ్యాసం)

తలుపుల (శ్రీ సత్యసాయి జిల్లా): కదిరి - పులివెందుల మార్గంలోని తలుపుల మండల ప్రజలకు విమాన ప్రయాణం ఒకప్పుడు దూరపు మాట. 2008 మే నెలలో దేవనహళ్ళి వద్ద బెంగళూరు నూతన విమానాశ్రయం ప్రారంభం కావడం, 2015 జూన్‌లో కడప నుండి ప్రయాణిక విమానాలు మొదలు కావడంతో ఆ దూరం తగ్గినది. వైద్యం, విద్య, ఉపాధి, తీర్థయాత్రల నిమిత్తం విమానమెక్కే వారిలో నడవలేని వృద్ధులు, పోలియో బాధితులు, దృష్టి లేదా వినికిడి లోపం గలవారు కూడా ఉన్నారు. టిక్కెట్టు కొనుగోలు చేసిన వారందరికీ సీటు సమానమే. అయితే టెర్మినల్ గుమ్మం నుండి ఆ సీటు వరకు గల దారి అందరికీ సమానంగా ఉన్నదా అన్నదే ప్రశ్న. ఈ దారిని సుగమం చేయడానికి రూపొందిన చట్టాలు, నిబంధనలు, ఆచరణలో ఎదురవుతున్న లోటుపాట్లను వివరించుట ఈ వ్యాస ఉద్దేశము.

చట్టపరమైన పునాది

విభిన్న ప్రతిభావంతుల సమాన అవకాశాల కొరకు 1995లో పార్లమెంటు ఆమోదించిన చట్టంలోనే రైళ్లు, బస్సులు, నౌకలు, విమానాలు వీరికి అనువుగా ఉండవలెనని పేర్కొనబడినది. అయితే ఆ బాధ్యత ఆర్థిక స్తోమతకు లోబడి ఉండడం వలన అమలు మందకొడిగా సాగినది. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించినది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 నాటి హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. ఈ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినది. సౌలభ్య ప్రమాణాలు పాటించని భవనానికి నిర్మాణ పూర్తి ధ్రువపత్రం ఇవ్వరాదని, ప్రజలు వినియోగించే పాత భవనాలను నియమావళి వెలువడిన నాటి నుండి ఐదేళ్లలోగా అనువుగా మార్చవలెనని ఆదేశించినది. నియమావళి 2017 జూన్‌లో వెలువడినందున ఆ గడువు 2022 జూన్‌తో ముగిసినది.

కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరు 3న, అంతర్జాతీయ విభిన్న ప్రతిభావంతుల దినోత్సవం నాడు, ‘సుగమ్య భారత్ అభియాన్’ను ప్రారంభించినది. ఈ కార్యక్రమం క్రింద 35 అంతర్జాతీయ, 55 దేశీయ విమానాశ్రయాలలో ర్యాంపులు, అనువైన మరుగుదొడ్లు, బ్రెయిలీ గుర్తులు మరియు ధ్వని సూచనలు గల లిఫ్టులు ఏర్పాటు చేసినట్లు కేంద్రం వెల్లడించినది.

టెర్మినల్‌లో ఏమేమి ఉండవలెను?

దేశంలో అమలులోనున్న ప్రమాణాల ప్రకారం ర్యాంపు వాలు 12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తును మించరాదు. వీల్‌చైర్ తిరిగేందుకు 1500 మిల్లీమీటర్ల ఖాళీ, దాటేందుకు 900 మిల్లీమీటర్ల వెడల్పు గల ద్వారము ఉండవలెను. ప్రత్యేక పార్కింగ్ స్థలం 3600 మిల్లీమీటర్ల వెడల్పుతో, ప్రవేశ ద్వారానికి 30 మీటర్ల లోపున ఉండవలెను. దృష్టి లోపం గలవారు పాదస్పర్శతో దారి తెలుసుకొనుటకు గీతల పలకలు, ఆగవలసిన చోట చుక్కల పలకలు పరచవలెను. విమాన సమాచారాన్ని ధ్వని రూపంలో ప్రకటించడంతోపాటు తెరలపై అక్షర రూపంలోను చూపవలెను. వినబడని వారికి గేటు మార్పు వార్త చేరడానికి అదొక్కటే మార్గము.

ఈ కొలతలు చిన్నవిగా కనిపించినా వాటి ప్రభావం పెద్దది. ర్యాంపు వాలు కొంచెం ఎక్కువైనచో వీల్‌చైర్‌లోని వ్యక్తి స్వయంగా ఎక్కలేక ఇతరులపై ఆధారపడవలసి వచ్చును. మరుగుదొడ్డి తలుపు లోపలివైపు తెరుచుకొన్నచో వీల్‌చైర్ లోపలికి వెళ్లిన తరువాత తలుపు మూయుటకు వీలుండదు. కనుక సౌకర్యం ఉన్నదని చెప్పుటకంటె అది పని చేయుచున్నదా అని చూచుట ముఖ్యము.

టెర్మినల్ నుండి విమానం వరకు

ఏరోబ్రిడ్జి ఉన్న చోట వీల్‌చైర్ నేరుగా విమాన ద్వారం వరకు చేరును. ఏరోబ్రిడ్జి లేని విమానాశ్రయాలలో మెట్ల మార్గమే దిక్కు. అటువంటి చోట్ల ప్రయాణికులను చేతులపై మోసుకొని పోవుట పరిపాటిగా ఉండేది. దీనికి ప్రత్యామ్నాయం ‘అంబులిఫ్ట్’ వాహనము. దీనిలోని గది విమాన ద్వారం ఎత్తు వరకు పైకి లేచును. ఒకేసారి 6 వీల్‌చైర్లను, 2 స్ట్రెచర్లను చేర్చగల 20 అంబులిఫ్టులను భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ సమకూర్చుకొన్నది. 2021లో వీటిని ప్రవేశపెట్టిన విమానాశ్రయాలలో విజయవాడ కూడా ఉన్నది.

ప్రయాణికుని అనుమతి లేకుండా చేతులతో ఎత్తుట అమానవీయమని, కృత్రిమ అవయవాలు గలవారిని భద్రతా తనిఖీ సమయంలో వాటిని తొలగించమని కోరరాదని సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో వ్యాఖ్యానించినది. అంతకు ముందు అక్టోబరు నెలలో, ‘మయూరి’ చిత్రం ద్వారా తెలుగువారికి చిరపరిచితురాలైన నర్తకి శ్రీమతి సుధా చంద్రన్, ప్రతి ప్రయాణంలోను కృత్రిమ పాదాన్ని తీసి చూపవలసి రావడంపై ప్రధానమంత్రికి బహిరంగంగా విజ్ఞప్తి చేయడం, భద్రతా దళం ఆమెకు క్షమాపణ తెలుపడం పాఠకులకు విదితమే. ప్రముఖులకే ఈ ఇబ్బంది తప్పనప్పుడు, తొలిసారి విమానమెక్కే గ్రామీణ ప్రయాణికుని పరిస్థితి ఊహించదగినది.

కోర్టు తీర్పులు, నిబంధనల సవరణ

2012 ఫిబ్రవరిలో సెరెబ్రల్ పాల్సీ గల హక్కుల కార్యకర్త శ్రీమతి జీజా ఘోష్‌ను కోల్‌కతాలో విమానం నుండి దించివేసిన సంఘటనపై సుప్రీంకోర్టు 2016 మే 12న తీర్పు వెలువరించి, ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించవలెనని సంబంధిత విమానయాన సంస్థను ఆదేశించినది. 2022 మే నెలలో రాంచీ విమానాశ్రయంలో ఒక బాలుని విమానం ఎక్కనీయని ఉదంతంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ సంబంధిత సంస్థకు 5 లక్షల రూపాయల జరిమానా విధించినది. అదే సంవత్సరం జూలైలో నిబంధనలను సవరించి, వైకల్యం కారణంగా ప్రయాణాన్ని నిరాకరించరాదని, ఆరోగ్యం క్షీణించవచ్చునన్న అనుమానం కలిగినచో వైద్యుడు స్వయంగా పరీక్షించి అభిప్రాయం తెలిపిన తరువాతనే నిర్ణయం తీసుకొనవలెనని స్పష్టం చేసినది.

2024 ఫిబ్రవరిలో ముంబయి విమానాశ్రయంలో వీల్‌చైర్ అందక నడచి వెళ్లిన 80 ఏళ్ల ప్రయాణికుడు కుప్పకూలి మరణించిన ఘటనలో సంబంధిత సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా పడినది. నియమం ఉన్నప్పటికీ వీల్‌చైర్ల సంఖ్య చాలనప్పుడు కలిగే నష్టమెంతటిదో ఈ విషాదం తెలుపుచున్నది.

2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు మరొక ముఖ్యమైన తీర్పునిచ్చినది. సౌలభ్య ప్రమాణాలు కేవలం సిఫారసులుగా మిగిలిపోరాదని, తప్పనిసరిగా పాటించవలసిన కనీస నియమాలను కేంద్రం మూడు నెలల్లో రూపొందించవలెనని ఆదేశించినది. ఈ తీర్పునకు హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయ వైకల్య అధ్యయన కేంద్రం సమర్పించిన నివేదిక ఆధారం కావడం తెలుగువారికి గర్వకారణము.

ప్రయాణికులు తెలుసుకొనవలసినవి

సహాయం అవసరమైనవారు ప్రయాణానికి కనీసం 48 గంటల ముందుగా విమానయాన సంస్థకు తెలియజేయవలెను. టిక్కెట్టు తీసుకొనునప్పుడే ఏ తరహా సహాయం కావలెనో చెప్పుట మేలు. విమానయాన రంగంలో వీల్‌చైర్ కోరే వారిని మూడు తరగతులుగా గుర్తింతురు. మెట్లు ఎక్కగలిగి, ఎక్కువ దూరం నడవలేనివారు మొదటి తరగతి. మెట్లు ఎక్కలేక, విమానం లోపల తమ సీటు వరకు నడవగలవారు రెండవ తరగతి. బొత్తిగా నడవలేనివారు మూడవ తరగతి. మూడవ తరగతి వారికి విమానం నడవాలో ఇమిడే సన్నని వీల్‌చైర్ అవసరము. తరగతి తప్పుగా నమోదైనచో అంబులిఫ్ట్ గాని, సన్నని వీల్‌చైర్ గాని సమయానికి అందదు.

బయలుదేరే టెర్మినల్ నుండి విమానం వరకు, దిగిన పిమ్మట నిష్క్రమణ ద్వారం వరకు సహాయాన్ని ఉచితంగానే అందించవలెను. విమానాశ్రయంలోను, ఎక్కి దిగుటలోను మాత్రమే సహాయం అవసరమైన వారిని వైద్య ధ్రువపత్రం కొరకు ఒత్తిడి చేయరాదు. సదరం ధ్రువపత్రం లేదా విశిష్ట గుర్తింపు కార్డు వెంట ఉంచుకొన్నచో సందేహాలకు తావుండదు. బ్యాటరీతో నడిచే వీల్‌చైర్ గలవారు బ్యాటరీ రకాన్ని ముందుగానే తెలుపవలెను. లోపం జరిగినచో విమానాశ్రయ నిర్వాహకులకు, విమానయాన సంస్థకు, ఆపై కేంద్ర పౌర విమానయాన శాఖ ‘ఎయిర్‌సేవ’ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చును.

ఆటిజం వంటి, పైకి కనిపించని వైకల్యాలు గలవారి కొరకు 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో పొద్దుతిరుగుడు పువ్వు గుర్తు గల మెడపట్టీ విధానం మొదలైనది. తలుపుల ప్రాంతీయులు ఎక్కువగా వినియోగించుకొనే బెంగళూరు విమానాశ్రయంలోను ఈ విధానం ఉన్నది. ఈ పట్టీ ధరించిన వారికి కొంత అదనపు సమయం, ఓపిక అవసరమని సిబ్బంది గ్రహింతురు.

గ్రామం నుండే మొదలు కావలెను

విమానాశ్రయంలో ఎన్ని సౌకర్యాలున్నప్పటికీ, గ్రామం నుండి అక్కడకు చేరే బస్సు మెట్లు ఎత్తుగా ఉన్నచో, దారిలోని బస్టాండులో అనువైన మరుగుదొడ్డి లేనిచో ప్రయాణం అక్కడే ఆగిపోవును. కనుక మండల స్థాయి అధికారులు బస్టాండ్లు, ఆసుపత్రులు, కార్యాలయ భవనాలలోని ర్యాంపులను కూడా ఇవే కొలతలతో సరిచూడవలసి ఉన్నది. గ్రామ సచివాలయాలలో ధ్రువపత్రం కొరకు వచ్చేవారికి 48 గంటల నియమాన్ని, ఉచిత సహాయపు హక్కును తెలియజేసినచో ఖర్చు లేకుండానే ఎంతో మేలు జరుగును.

పాత్రికేయ మిత్రులు విమానాశ్రయాల గురించి వ్రాయునప్పుడు టెర్మినల్ విస్తీర్ణం, ప్రయాణికుల సంఖ్యలతోపాటు వీల్‌చైర్లు ఎన్ని, అంబులిఫ్ట్ పని చేయుచున్నదా, సిబ్బందికి శిక్షణ ఇచ్చినారా అన్న ప్రశ్నలను కూడా అడుగవలసిన అవసరమున్నది. మరొకరి భుజాలపై గాక, తన గౌరవంతో తాను విమానమెక్కగలిగిన ప్రయాణికుడే ఈ చట్టాల అమలుకు నిజమైన కొలమానము.