నీరు వదలని వాషింగ్ మెషిన్: చిన్న లోపం, పెద్ద అవస్థ

ఒకప్పుడు పట్నం ఇళ్లకే పరిమితమైన బట్టలుతికే యంత్రం నేడు పల్లెల్లో వరండాల్లోనూ, పెరటి గోడల పక్కనా కనిపిస్తోంది. పొలం పనికి వెళ్లి వచ్చే ఆడవారికి అది ఎంతో ఆసరా. అయితే ఉతకడం పూర్తయ్యాక నీరు బయటకు పోకుండా తొట్టిలోనే నిలిచిపోయిందంటే మళ్లీ చాకిరేవు బండే గతి. మెకానిక్‌కు కబురు పెడితే మండల కేంద్రం నుంచి ఆయన వచ్చేసరికి రెండు మూడు రోజులు పడుతోంది. ఈలోగా నానిన బట్టలు కంపు కొడతాయి. తీరా వచ్చాక గొట్టంలో ఇరుక్కున్న చొక్కా గుండీ ఒకటి తీసి చేతిలో పెట్టి, రానుపోను ఖర్చులతో సహా పుచ్చుకుని వెళతారు. ఆ గుండీ ఇంట్లోవారు తీయలేనిదేమీ కాదు.

ముందు ప్లగ్గు పీకాలి

యంత్రం మీద చెయ్యి వేసే ముందు స్విచ్ కట్టేస్తే చాలదు, ప్లగ్గు పూర్తిగా పీకేయాలి. తడి నేల మీద, తడి చేతులతో, నీళ్లు నిండిన యంత్రంతో పని మరి. పల్లెల్లో చాలా ఇళ్లకు ఎర్తు సరిగా ఉండదు. బోర్డులో పట్టడం లేదని ప్లగ్గుకున్న లావు కాలు విరగ్గొట్టి వాడే వారూ ఉన్నారు. ప్రాణాన్ని కాపాడేది ఆ లావు కాలే. యంత్రాన్ని తాకితే చెయ్యి జిల్లుమంటోందంటే నీటి సంగతి పక్కనపెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

పల్లెల్లో ఎక్కువగా కనిపించే రెండు తొట్ల యంత్రంలో నీటిని తోసే మోటారు ఉండదు. నీరు పల్లానికి తనంతట తానే పోవాలి. కాబట్టి బయటి గొట్టం ఎక్కడా మడత పడకూడదు. గడప మీదుగానో, తూము గట్టు మీదుగానో గొట్టాన్ని పైకెత్తితే నీరు వెనక్కి నిలుస్తుంది. గొట్టం కొస మురుగు కాలువ నీటిలో మునిగినా, బురదలో కూరుకున్నా అంతే.

గొట్టం బాగానే ఉంటే ఒక తేలిక పరీక్ష ఉంది. బట్టలు పిండే చిన్న తొట్టిలో చెంబెడు నీళ్లు పోసి చూడాలి. చాలా రకాల్లో రెండు తొట్ల నీరూ ఒకే గొట్టం గుండా పోతుంది. చిన్న తొట్టి నీరు పోతూ, పెద్ద తొట్టి నీరు పోవడం లేదంటే గొట్టం మంచిదే, లోపం లోపలి వాల్వుదే అన్నమాట.

నీరు వదిలే మీట తిప్పినప్పుడు లోపల ఒక పట్టీ ఈ వాల్వు రబ్బరు బిరడాను పైకి లాగుతుంది. మీట వదులుగా, బరువు లేకుండా తిరుగుతోందంటే పట్టీ తెగిందనో, ఊడిందనో గ్రహించాలి. ఊడితే తగిలించవచ్చు. తెగితే పాత ముక్కను వెంట తీసుకుపోయి విడిభాగాల కొట్లో అదే కొలతది తెచ్చుకోవాలి. మీట బిగువుగానే ఉంటే నీటిని మగ్గుతో తోడేసి, తొట్టి పక్కనున్న జల్లెడ మూత ఊడదీయాలి. దాని కింద వాల్వు ఉంటుంది. నూలు పీచు, వెంట్రుకలు, పిన్నీసులు, జేబుల్లో మరచిన చిల్లర పోగయ్యేది అక్కడే. రబ్బరు కింద చిన్న పుల్ల అడ్డుపడినా వాల్వు మూసుకోక, తొట్టి నింపుతుండగానే నీరు కారిపోతుంది. అదీ ఇదీ ఒకే చోటి జబ్బు.

ముందు తలుపుండే యంత్రం తీరు వేరు. అందులో నీటిని తోసేందుకు పంపు ఉంటుంది. అడుగున మూలనుండే చిన్న తలుపు తీస్తే గుండ్రని మూత కనిపిస్తుంది. దాని కింద పళ్లెం పెట్టి, వేడి నీటితో ఉతికి ఉంటే చల్లారనిచ్చి, మూతను కొద్దికొద్దిగా వదులు చేస్తూ నీరు దించాలి. ఒక్కసారిగా తిప్పితే గది నిండా నీళ్లే. శుభ్రం చేశాక మూత గట్టిగా బిగించడం మరువరాదు. అప్పటికీ పంపు ఏ చప్పుడూ చేయకుంటే అది మెకానిక్ పనే.

నురగ ఎక్కువైతే మురికి బాగా పోతుందనుకుని చేత్తో ఉతికే సబ్బు పొడిని గుప్పెళ్లతో పోయడం మరో పొరపాటు. నురగ నిండితే పంపు నీటిని సరిగా లాగలేదు. బోరు నీరు ఉప్పగా ఉన్న ఊళ్లలో పొడి కరగక, నీటిలోని సున్నంతో కలిసి గొట్టాల్లో గారలా పేరుకుంటుంది. అప్పుడప్పుడు బట్టలు వేయకుండా గోరువెచ్చని నీటిలో నిమ్మ ఉప్పు కలిపి ఒకసారి తిప్పితే ఆ గార వదులుతుంది. ఎలుకల బెడద ఉన్న ఇళ్లలో యంత్రం అడుగు భాగానికి జాలీ కట్టుకోవడం మేలు. వైర్లూ గొట్టాలూ కొరికాయంటే పైన చెప్పినవేవీ పనికిరావు.

ఇక బయటకు పోయిన నీటి సంగతి. గొట్టాన్ని వీధిలోకి వదలడంతో పక్కింటి వాకిట్లో మడుగు కట్టి తగవులు వస్తున్నాయి. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశ 2020లో మొదలయ్యాక వాడిన నీటి కోసం ఇంకుడు గుంతలు తవ్వించడమూ ఆ పనుల్లో చేరింది. పెరట్లో అలాంటి గుంత ఉన్నవారు గొట్టాన్ని అందులోకి వదలవచ్చు. అయితే కొస గుంతలోని నీటికి పైనే ఉండాలి. గుంత నోటికి పాత గుడ్డ కట్టి పీచును ఆపకపోతే, కొన్నాళ్లకు గుంత కూడా నీరు తాగడం మానేస్తుంది.