బండి ఆగినా ఒళ్ళు ఆగదు

"నెమ్మదిగానే వస్తున్నాం సిస్టర్, బండి నలభైలోనే ఉంది. ఇంత దెబ్బ ఎలా తగిలింది?" యాక్సిడెంటు కేసుల వెంట వచ్చిన బంధువులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు మీ పిల్లల హైస్కూలు సైన్సు పుస్తకంలోనే ఉంది. జడత్వం, వడి, వేగం అనే మూడు మాటలు అర్థం చేసుకుంటే చాలు. హెల్మెట్ ఎందుకు, సీటు బెల్టు ఎందుకు, రాంగ్ రూటు ఎందుకు వద్దు అనేవి మనకే తెలిసిపోతాయి.

జడత్వం అంటే ఏమిటి?

కొల్లేటి ఊళ్ళలో దోనె ఎక్కినవారికి ఇది తెలిసిన సంగతే. దోనె ఒడ్డుకు తగిలి ఠక్కున ఆగితే, అందులో నిలబడ్డ మనిషి ముందుకు తూలుతాడు. ఒడ్డు దోనెను ఆపింది గాని మనిషిని ఆపలేదు. కదిలే వస్తువు ఏదో ఒక బలం ఆపేవరకు అదే వడితో, అదే దిశలో పోతూనే ఉంటుంది. ఈ గుణాన్నే జడత్వం అంటారు. దీన్ని ముందు గెలీలియో గమనించగా, న్యూటన్ 1687లో తన మొదటి గమన సూత్రంగా రాశాడు. బరువు పెరిగేకొద్దీ జడత్వం కూడా పెరుగుతుంది. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి చేపలు, ఐసు నింపుకొని వచ్చే లారీ ముందుకు బైకు దూర్చడం ఎంత అపాయమో దీన్నిబట్టి గ్రహించండి.

ఒక్క యాక్సిడెంటులో మూడు దెబ్బలు

మొదట బండి దేనికో గుద్దుకుని ఆగుతుంది. రెండవది, ఇంకా ఆగని మన ఒళ్ళు వెళ్ళి స్టీరింగుకో, రోడ్డుకో తగులుతుంది. మూడవది బయటికి కనబడదు. ఒళ్ళు ఆగినా లోపలి అవయవాలు ఇంకా కదులుతూనే ఉంటాయి. పుర్రె ఆగుతుంది గాని, లోపల ద్రవంలో ఉన్న మెదడు ముందుకు పోయి ఎముకకు తగులుతుంది. సన్నని రక్తనాళాలు తెగవచ్చు. కాలేయం, ప్లీహం చిట్లవచ్చు.

కాబట్టి "రక్తం రాలేదు, పరవాలేదు" అని ఇంటికి తీసుకుపోకండి. తలకు దెబ్బ తగిలిన మనిషి కాసేపు బాగానే మాట్లాడి, కొన్ని గంటల తర్వాత స్పృహ తప్పవచ్చు. వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, తికమక మాటలు, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదవడం, చెవి లేక ముక్కు నుంచి నీరు, రక్తం కారడం, వీటిలో ఏది కనబడినా వెంటనే ఆసుపత్రికి రావాలి. తాగినవాడు మత్తులో పడుకున్నాడులే అని వదిలేయడం చాలా ప్రమాదం.

వడి

ఇంత సమయంలో ఇంత దూరం పోవడమే వడి. గంటకు 60 కిలోమీటర్ల వడి అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదుట గేదె కనబడి, కాలు బ్రేకు మీదికి వెళ్ళేలోగా ఒక్క సెకను పట్టినా బండి అంత దూరం పోయినట్టే.

ఇక దెబ్బ లెక్క చూడండి. 40లో పోతూ గోడకు గుద్దుకోవడం 6 మీటర్ల పైనుంచి కిందపడటంతో సమానం. 60లో అయితే 14 మీటర్లు, అంటే ఎత్తయిన తాటిచెట్టు. 80లో అయితే 25 మీటర్లు. వడి రెట్టింపయితే దెబ్బ రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది.

వేగం

వడికి దిశ కలిపితే వేగం. ఏలూరు నుంచి భీమడోలు మీదుగా తాడేపల్లిగూడెం పోయే బస్సు, అటు నుంచి ఇటు వచ్చే బస్సు రెండూ 60లో ఉంటే వాటి వడి ఒకటే, వేగాలు మాత్రం వేరు.

ఈ తేడా ప్రాణాల మీదికి ఎలా వస్తుందో చూడండి. లారీ 40లో పోతుంటే, వెనుక 60లో వచ్చే బైకు దానికి తగిలితే తేడా 20 మాత్రమే. అదీ ప్రమాదమే. అదే బైకు యూ టర్ను దూరమని రాంగ్ రూటులో వచ్చి, 60లో ఎదురొచ్చే లారీకి గుద్దుకుంటే? లారీ వేగం దాదాపు మారదు. ముందుకు 60లో పోయే బైకును అది రెప్పపాటులో వెనక్కు 60లో నెడుతుంది. మొత్తం మార్పు 120. రెండు నిమిషాలు కలిసివస్తాయని ఇంత అపాయానికి ఎదురువెళ్ళడం తగదు.

హెల్మెట్, బెల్టు చేసే పని

సిమెంటు గచ్చు మీద పడటానికి, గడ్డివాము మీద పడటానికి ఎంత తేడా! గడ్డి మనల్ని నిదానంగా ఆపుతుంది. హెల్మెట్ లోపలి మందపాటి పొర కూడా అలాగే నలిగి, తలను కొంచెం నిదానంగా ఆపుతుంది. హెల్మెట్ వల్ల మరణాలు సుమారు 42 శాతం, తల గాయాలు 69 శాతం తగ్గుతాయని 2008 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. 2021 సెప్టెంబరులో హైదరాబాదులో బైకు మీద నుంచి పడిన సినీనటుడు సాయి ధరమ్ తేజ్ తలకు హెల్మెట్ ఉంది, ఆయన కోలుకున్నారు. 2018 ఆగస్టులో నల్గొండ జిల్లాలో కారు ప్రమాదంలో నందమూరి హరికృష్ణ మరణించినప్పుడు, ఆయన సీటు బెల్టు పెట్టుకోలేదని పత్రికల్లో వచ్చింది.

ముందు సీటులో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని "గట్టిగా పట్టుకున్నానుగా" అనే తల్లులకు ఒక మాట. 60లో పోయే కారు సెకనులో పదో వంతులో ఆగితే, పది కిలోల బిడ్డను పట్టుకోవడానికి దాదాపు 170 కిలోలను ఆపేంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ అంత శక్తి ఉండదు.

గుర్తుంచుకోండి

1. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ కొనండి, పట్టీ బిగించండి. పట్టీ లేకపోతే జడత్వం వల్ల హెల్మెట్టే ముందు ఎగిరిపోతుంది. వెనుక కూర్చున్నవారికీ కావాలి.
2. గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్ మళ్ళీ వాడకండి. నలిగిన పొర రెండోసారి కాపాడదు.
3. కారులో వెనుక సీటువారు కూడా బెల్టు పెట్టుకోవాలి. చిన్నపిల్లలను వెనుక, వారికి తగిన సీటులో కూర్చోబెట్టండి.
4. పెళ్ళిళ్ళకు, కూడికలకు ట్రక్కు ఆటోలలో అంచున కూర్చుని, వేలాడుతూ వెళ్ళకండి.
5. ప్రమాదం జరిగితే 108కి ఫోన్ చేయండి. 2005 నుంచి ఈ సేవ మన రాష్ట్రంలో ఉంది. పడినవారి మెడ తిప్పకండి, లేపి కూర్చోబెట్టకండి, నీళ్ళు తాగించకండి.

గాయానికి కుట్లు వేయగలం, ఎముకకు కట్టు కట్టగలం. నలిగిన మెదడును మునుపటిలా చేయడం చాలాసార్లు ఎవరి చేతిలోనూ ఉండదు. అయితే బండి తాళం తిప్పే ముందు పట్టీ బిగించుకోవడం మాత్రం మీ చేతిలోనే ఉంది.