పాలిచ్చే వీలు ఎవరికుంది?

సంగారెడ్డి మండలంలోని ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గా భవాని గుడితో పేరు పొందిన ఊరు. చుట్టూ పొలాలు, అదే జిల్లాలో పాశమైలారం, పటాన్‌చెరు కంపెనీలు. ఇలాంటి ఊళ్లో ఒకే నెలలో ముగ్గురికి కాన్పయిందనుకుందాం. ఒకరు ప్రభుత్వ టీచరు, ఒకరు కాంట్రాక్టరు కింద ప్యాకింగ్ చేసే కార్మికురాలు, ఇంకొకరు కైకిలికి పోయే కూలీ. ఆశా కార్యకర్త ముగ్గురికీ చెప్పేది ఒకటే: పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దు.

ఆ మాట పాటించే వీలు మాత్రం ముగ్గురికీ ఒకేలా లేదు.

టీచరుకు 180 రోజుల సెలవుంది. కంపెనీ కార్మికురాలికి 2017 నుంచి చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల వేతన సెలవు రావాలి. కానీ కాన్పుకు ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. కాంట్రాక్టర్లు మారుతూ, హాజరు పట్టీలో పేరు సరిగా లేకపోతే ఆ 80 రోజులు చూపించుకోవడమే కష్టం. కైకిలి తల్లికి సెలవే లేదు. అయితే ఆమె చెట్టుకు ఉయ్యాల కట్టి, పని మధ్యలో బిడ్డకు పాలివ్వగలదు. కంపెనీ గేటు దాటి పసిబిడ్డ లోపలికి రాలేదు.

డబ్బుంటే పాలివ్వడం తేలికవుతుందనీ చెప్పలేం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం ఉంటే, ప్రైవేటులో ఏకంగా 81.5 శాతం. ఆపరేషన్ నొప్పి, మత్తు, బిడ్డను వేరుగా ఉంచడం వల్ల తొలి పాలు ఆలస్యమవుతాయి. ‘పాలు పడలేదు’ అన్న కంగారులో డబ్బా పాలు ఇంట్లోకొస్తాయి. గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు రాష్ట్రంలో నూటికి 37 మందే. ప్రపంచం మొత్తంగా చూసినా పేద దేశాల్లో పేద తల్లులు ఎక్కువ కాలం పాలిస్తుంటే, సంపన్న దేశాల్లో చదువు, ఆదాయం ఉన్నవారు ఎక్కువగా ఇస్తున్నారు.

మరి పిల్లలకు కలిగే మేలు పాలదా, ఇంటి స్తోమతదా? బ్రెజిల్‌లోని పెలోటాస్ నగరంలో 1982లో పుట్టిన పిల్లలను పరిశోధకులు 30 ఏళ్ల వరకు గమనించారు. అక్కడ అప్పట్లో పేద, ధనిక తేడా లేకుండా తల్లులు పాలిచ్చేవారు. అయినా ఏడాది, అంతకుమించి తల్లిపాలు తాగినవారికి తెలివితేటల పరీక్షల్లో సగటున నాలుగు పాయింట్ల దాకా ఎక్కువ వచ్చాయి. కలిగిన ఇంట్లో పుట్టడమే ఆ తేడాకు కారణమని కొట్టిపారేయలేం.

యాభై మంది, అంతకుమించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది, రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి వచ్చే వీలు, 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రెండు విరామాలు చట్టం ఇచ్చిన హక్కులు. పాశమైలారంలోనైనా పటాన్‌చెరులోనైనా యాజమాన్యాలు వీటిని కాంట్రాక్టు మహిళలకూ అమలు చేయాలి, కార్మిక శాఖ తనిఖీ చేయాలి. ఇంటి పని తండ్రి పంచుకోవాలి. అప్పుడే ఆశా కార్యకర్త సలహాను ఆ ముగ్గురు తల్లులూ పాటించగలుగుతారు.