విప్పిన వరుస, బిగించే వరుస

సైకిలు వెనకచక్రం గరగరమంటోంది. ఆదివారం సెలవే కదా, మనమే విప్పి గ్రీజు పెట్టుకుందాం అనుకుంటారు. విప్పడం అరగంటలో అయిపోతుంది. తీరా బిగించేసరికి ఒక వాషరు మిగిలిపోతుంది, గుండు ఒకటి తగ్గుతుంది. మీలో చాలామంది ఈ అవస్థ పడే ఉంటారు. పానా పట్టుకోవడం వచ్చినా ఇలా ఎందుకవుతుంది?

కొంచెం లెక్క వేద్దాం. ఇరుసు మీది నుంచి ఆరు భాగాలు తీసి, కలిపి ఒకచోట పోశారనుకోండి. వాటిని ఒకదాని తరువాత ఒకటి ఎన్ని విధాల పేర్చవచ్చు? మొదటి చోటుకు ఆరింటిలో ఏదైనా రావచ్చు, రెండవ చోటుకు మిగిలిన అయిదింటిలో ఏదైనా రావచ్చు. అలా 6×5×4×3×2×1 = 720 విధాలు. వాటిలో సరైన వరుస ఒక్కటే! భాగాలు పదయితే వరుసలు 36 లక్షలు దాటిపోతాయి.

‘గుర్తుంటుందిలెండి మాస్టారూ’ అంటారు మీరు. 1956లో జార్జి మిల్లర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, మనిషి ఒకేసారి మనసులో నిలుపుకోగల విషయాలు ఏడుకు అటూ ఇటూ ఉంటాయని రాశాడు. తరువాత వచ్చిన పరిశోధకులు ఆ సంఖ్యను నాలుగు దాకా తగ్గించారు. మధ్యలో అమ్మ భోజనానికి పిలిస్తే ఆ నాలుగూ ఉండవు.

కాబట్టి గుర్తుపెట్టుకునే పనిని బుర్ర మీద వేయకుండా వస్తువుల మీద వేయాలి. ఒక ఇనపతీగ తీసుకోండి. ఇరుసు కుడివైపు నుంచి ఏది ముందు వస్తే దాన్ని ముందు తీగకు గుచ్చండి. చక్రం నట్టు, వాషరు, లాక్‌నట్టు, దాని కింది వాషరు, కోను, ఇలా దండ గుచ్చినట్టు గుచ్చుకుంటూ పోవడమే. తీగ రెండు కొసలూ వంచేయండి. ఎడమవైపు భాగాలకు వేరే తీగ. బిగించేటప్పుడు చివర గుచ్చిన దానితో మొదలుపెట్టి వెనక్కి రావాలి. అంతే, 720 విధాల్లోనూ మీకు మిగిలేది ఒక్కటే.

గుండ్లకు తీగ పనికిరాదు. వాటికి కొబ్బరిచిప్పలున్నాయి. మన శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరిచిప్పలకు కొరవ లేదు కదా! ఒక చిప్ప మీద సుద్దముక్కతో ‘ఎ’ అనీ, ఇంకొకదాని మీద ‘కు’ అనీ రాయండి. రెండు వైపులవీ కలపకూడదు. ఏళ్ల తరబడి ఒక కోనుతో తిరిగిన గుండ్లు దానితోపాటే అరిగి ఉంటాయి. కొత్త గుండు ఒక్కటి పాతవాటిలో కలిపితే అదే కాస్త పెద్దదిగా ఉండి బరువంతా తన మీద వేసుకుంటుంది. కోను మీద గుంట పడేది అక్కడే.

లెక్క కూడా ముందే రాసి పెట్టుకోండి. సాధారణంగా వెనకచక్రానికి పావు అంగుళం గుండ్లు వైపుకు 9, ముందుచక్రానికి అంగుళంలో పదహారింట మూడువంతుల గుండ్లు వైపుకు 10 ఉంటాయి. ఈ రెండు సైజులకూ తేడా 1.6 మిల్లీమీటర్లే. రెండు చక్రాలూ ఒకేరోజు విప్పకండి అని నేను చెప్పేది అందుకే.

శ్రీముఖలింగంలో వంశధార గట్టున ఉండేవారికి ఇంకొక మాట. వీధిలో, ఇసుక మీద ఈ పని పెట్టుకోవద్దు. గ్రీజు పూసిన గుండు ఇసుక మీద పడితే రేణువులను అంటించుకుని లేస్తుంది. ఆ రేణువులు నున్నటి గాడిని గీరి పాడుచేస్తాయి. కింద పాత తెల్లపంచె పరుచుకుంటే పడింది కనిపిస్తుంది, దొర్లిపోదు. కొందరు గుండ్లను అయస్కాంతానికి అంటించి ఉంచుతారు. నాకది నచ్చదు. ఉక్కుగుండు తానే కొంత అయస్కాంతమై ఇనపపొడిని లాగుతుంది.

ఇప్పుడు చేతిలో ఫోను ఉంది కాబట్టి విప్పేముందు ఫోటో తీయండి, మంచిదే. కాని ఎడమ పెడలు మర ఎదురు తిరుగుతుందన్న సంగతి ఫోటో చెప్పదు. అలాంటివి కాగితం మీద రాయాలి.

మధుకేశ్వరాలయానికి వెళ్లినప్పుడు గోడల్లో రాళ్లు ఎలా కూర్చారో గమనించండి. అలాంటి గుడినే విప్పి బాగుచేయవలసి వస్తే? హనుమకొండ వేయిస్తంభాల గుడి సంగతి అదే. కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి అది. దాని ఎదుట ఉన్న కల్యాణమండపం శిథిలస్థితికి రావడంతో 2006లో విప్పారు. తిరిగి నిలబెట్టి ప్రారంభించింది 2024 మార్చిలో. ఇన్నేళ్లు ఎవరి జ్ఞాపకం ఆగుతుంది? విప్పేముందే రాళ్లకు అంకెలు వేశారు. రాయి మీద అంకె, పటంలో అదే అంకె. మీ కొబ్బరిచిప్ప మీది ‘ఎ’, ‘కు’ కూడా ఈ కోవలోవే.

భాగం పోవడం కన్నా ప్రమాదమైంది ఇంకొకటుంది: ఒకదాని బదులు దానిలాంటిది ఇంకొకటి పెట్టడం. 1990 జూన్ 10న ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నుంచి బయలుదేరిన ఒక విమానం 17 వేల అడుగుల ఎత్తులో ఉండగా పైలట్ ఎదుటి అద్దం ఊడిపోయింది. గాలి విసురుకు కెప్టెన్ నడుము దాకా బయటికి వెళ్లిపోయాడు. సిబ్బంది అతని కాళ్లు పట్టుకుని వేలాడుతుంటే రెండవ పైలట్ సౌతాంప్టన్‌లో విమానాన్ని దించాడు. అదృష్టవశాత్తు అందరూ బతికారు, కెప్టెన్‌తో సహా. విచారణలో ఏం తేలింది? అంతకు ముందురోజు వేకువనే ఆ అద్దం మార్చారు. బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండవలసిన దానికన్నా 0.66 మిల్లీమీటరు సన్నం, తక్కిన ఆరూ పొట్టివి. విడిభాగాల పట్టీలో నంబరు చూడకుండా పాత బోల్టుతో కంటికి పోల్చి తెచ్చినవి అవి. బోల్టుల అరల మీద చీటీలు సరిగ్గా లేకపోవడం కూడా ఆ పొరపాటుకు తోడయింది. కాబట్టి చక్రం నట్టు పాడయితే దుకాణానికి పాతదాన్నే పట్టుకెళ్లి, కొత్తదాన్ని ఇరుసు మరకు ఎక్కించి చూసి మరీ కొనండి.

పనిముట్లకు ఒక్కటే చాలు. పలక మీద పానా, స్క్రూడ్రైవరు, పట్టుకారు పరిచి చుట్టూ పెన్సిలుతో గీయండి. పని అయ్యాక ఖాళీ బొమ్మ మిగిలితే ఏది చేరలేదో ఇట్టే తెలుస్తుంది.

ఇంత జాగ్రత్తపడ్డా గుండు జారి గచ్చు మీద దొర్లిందనుకోండి. అప్పుడు చీపురు పట్టకండి. తలుపులు వేసి గది చీకటి చేసి, టార్చిని నేలకు ఆనించి అడ్డంగా వెలిగించండి. పైనుంచి వెలుగు పడితే గుండు నీడ దాని కిందే దాగిపోతుంది. పక్కనుంచి పడితే నీడ గుండుకన్నా ఎన్నో రెట్లు పొడవు సాగుతుంది. ముందు కనబడేది నీడే. దాని మొదట్లో చేయి పెట్టండి.