దూది నేర్పే స్వావలంబన

తన అవసరాలలో కొన్నింటినైనా తన చేతులతో తీర్చుకోగలగడమే స్వావలంబన. యంత్రాలను విడిచి అరణ్యాలకు పోవడమని దీని భావం కాదు. యంత్రం ఆగిన నాడు సైతం మనిషి నిస్సహాయుడు కాకుండా ఉండడమే దీని సారాంశం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు ఈ సత్యం మన ప్రాంతానికంతటికీ అవగతమైంది. రోజుల తరబడి విద్యుత్తు లేక, మోటార్లు ఆగిపోయి, ఇంతటి మహానగరం నీటికి కటకటలాడింది.

పెందుర్తి ఒకనాడు పల్లె. నేడు మహా విశాఖ నగరపాలక సంస్థలో భాగం. రేవు, రైల్వే, ఉక్కు కర్మాగారం ఎన్నో కుటుంబాలకు జీవనోపాధి కల్పించాయి. అందుకు మనం సంతోషించవలసిందే. అయితే పల్లెతనంతోపాటు చేతిపనులు కూడా మన ఇళ్ళనుండి తొలగిపోతున్నాయి. వాటిలో మనకు అతి సన్నిహితమైన దూది ఏకే పనిని ఇక్కడ పరిశీలిద్దాం.

తెలుగునాట ముస్లిములలో దూదేకులవారికి ఆ పేరు వృత్తినిబట్టియే వచ్చింది. నూర్‌బాషా, లద్దాఫ్, పింజారి అన్నవి వారికిగల ఇతర నామాలు. అరబ్బీలో 'నద్దాఫ్' అంటే దూది ఏకేవాడని అర్థం. వీరిలో పెక్కుమంది ఇంటిభాష తెలుగే. కాని విచారకరమైన విషయమేమంటే, 'పింజారి' అన్న మాట తెలుగులో తిట్టుగా మారిపోయింది. పదిమందికి పరుపు కుట్టి ఇచ్చినవాని పేరును నిందావాచకంగా వాడడం మన సంస్కారానికే మచ్చ. వృత్తిని చిన్నచూపు చూచిన సమాజంలో కొడుకు తండ్రి విద్యను ఎందుకు నేర్చుకుంటాడు?

ఆ విద్యలోని శాస్త్రాన్ని గమనించండి. పెద్ద విల్లుకు బిగించిన నారిని దూదికి ఆనించి, కొయ్య సుత్తితో మీటుతారు. నారి కంపించగా అతుక్కుపోయిన పోగులు విడిపోతాయి, దుమ్ము రాలిపోతుంది, పోగుల నడుమ గాలి చేరుతుంది. ఏళ్ళ తరబడి నలిగి గట్టిపడిన పరుపు దూది మరల మెత్తనవుతుంది. పెట్రోలియం నుండి తయారైన ఫోము పరుపు పాడైతే చెత్తకుప్పకే చేరుతుంది. దూది పరుపును విప్పి, ఏకి, మళ్ళీ కుట్టవచ్చు. ఇంతకు మించిన పొదుపు ఏముంది? అయితే దూది ధూళి ఊపిరితిత్తులకు హానికరం కనుక, ఈ పని చేసేవారు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం తప్పనిసరి.

ఈ నైపుణ్యం ఎంతటి సూక్ష్మతను అందుకోగలదో శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు చూపుతుంది. పెందుర్తి మీదుగా సాగే హౌరా రైలుమార్గంలోనే ఆ ఊరు ఉన్నది. అక్కడి స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. దాని సన్నని పళ్ళు నలుసులను తొలగించి, పోగులను వరుసగా సర్దుతాయి. పిమ్మట గింజ తీసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి చరఖాపై వడుకుతారు. అక్కడ 100వ నంబరు నూలు కూడా వస్తుంది. అనగా ఒక పౌను, సుమారు 454 గ్రాముల నూలు, 84,000 గజాల పొడవు సాగుతుంది; ఇది దాదాపు 77 కిలోమీటర్లు! దీనిని సాధించినది విద్యుత్తు కాదు, అభ్యాసం.

ఇట్టి విద్యలు కేవలం పుస్తకం చదివితే అబ్బవు. నారిని ఎంత గట్టిగా మీటాలో, దారాన్ని ఏ క్షణాన వదలాలో చేతినుండి చేతికే సంక్రమించాలి. నేర్పేవారు గతించిన పిదప విచారించి ప్రయోజనం లేదు. చేతిపని ద్వారా చదువు సాగాలని 1937లో వార్ధా విద్యా సమావేశంలో గాంధీజీ ప్రతిపాదించడంలోని ఆంతర్యం కూడా ఇదే.

కనుక కళాశాల కార్యవర్గానికి మా విన్నపమిది. దూది ఏకేవారిని, పాత్రలకు కళాయి పూసేవారిని, దర్జీలను నెలకొకసారి కళాశాలకు ఆహ్వానించి, గురువులకిచ్చే గౌరవంతోపాటు తగిన పారితోషికం కూడా ఇవ్వాలి. విద్యార్థులు వారివద్ద పని నేర్చుకుంటూ, పనిముట్ల పేర్లను ఉర్దూలోను తెలుగులోను వ్రాసిపెట్టాలి. ప్రతి విద్యార్థి చినిగిన బట్ట కుట్టుకోవడం, విత్తనాన్ని పురుగు పట్టకుండా దాచడం, వాననీటిని నిలువచేయడం అనే మూడింటినైనా అలవరచుకోవాలి.

పట్టా మనకు ఉద్యోగాన్ని చూపవచ్చు, చేతిపని ధైర్యాన్నిస్తుంది. ఆ రెండూ గల యువతరం మన పెందుర్తినుండి వెలువడాలని ఆకాంక్షిద్దాం.