షిప్ దిగిన రోజే ఫ్లైట్ పట్టొచ్చా? ముంబై నుంచి కరీంనగర్ దాకా టైమ్ లెక్క

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రశ్న మీదే. కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. "అన్నా, అమ్మానాన్నను, నానమ్మను తీస్కొని ముంబై నుంచి గోవా క్రూయిజ్ పోతున్నం. సోమవారం పొద్దున 8కి షిప్ మళ్లీ ముంబై వస్తది. హైదరాబాద్‌కు 10:30 ఫ్లైట్ తక్కువల ఉంది. మధ్యాహ్నం 2:30ది అయితే నలుగురికి కలిపి ఆరు వేలు ఎక్కువ. 10:30ది బుక్ చెయ్యాల్నా?"

వద్దు తమ్ముడూ. ఎందుకు వద్దో చూద్దాం.

అందరూ లెక్కని షిప్ దగ్గర మొదలుపెడతారు. ఎనిమిదికి దిగుతాం, రెండున్నర గంటలుంది, చాలు అనుకుంటారు. మనం వెనక నుంచి వద్దాం. మన దగ్గర డొమెస్టిక్ ఫ్లైట్లకు చెకిన్ కౌంటర్ సాధారణంగా 60 నిమిషాల ముందే మూసేస్తారు. వెబ్ చెకిన్ చేసుకున్నా సరే, లోపల వేసే బ్యాగ్ ఉంటే కౌంటర్‌కి వెళ్లాల్సిందే. అంటే 10:30 ఫ్లైట్‌కి మీ అసలు టైమ్ 9:30.

ఇప్పుడు షిప్ వైపు. 8 గంటలు అంటే షిప్ రేవుకి ఆనుకునే టైమ్, మీరు రోడ్డు మీదికొచ్చే టైమ్ కాదు. తాళ్లు కట్టాలి, మెట్లు వెయ్యాలి, పోర్ట్ వాళ్ల క్లియరెన్స్ రావాలి. తర్వాత కూడా అందరినీ ఒకేసారి వదలరు. ట్యాగ్ రంగును బట్టి, డెక్‌ను బట్టి బ్యాచ్‌లుగా పిలుస్తారు. ముందురోజు రాత్రి రూమ్ బయట పెట్టిన పెద్ద బ్యాగులు కింద టెర్మినల్‌లో వరుసగా పెడతారు, అక్కడ వెతుక్కోవాలి. మన పెళ్లిళ్లల్ల బంతి అయినంక చెప్పులు వెతుక్కున్నట్టే ఉంటది. నానమ్మకు వీల్‌చైర్ కావాలంటే దానికి ఇంకో లైన్. అన్నీ బాగుంటే తొమ్మిదిన్నరకు గేటు బయట ఉంటారు. అంటే మీరు పోర్ట్ గేటు దగ్గర నిలబడి ట్యాక్సీ ఉంటదా అని చూస్తున్న టైమ్‌కే అక్కడ ఎయిర్‌పోర్ట్‌లో కౌంటర్ మూసేస్తారు.

అదీ షిప్ టైమ్‌కి వస్తేనే. వాతావరణం, పోర్ట్ రద్దీ, ఎవరికైనా సీరియస్ అవ్వడం, ఏదైనా కావచ్చు. 2022 జనవరి మొదటి వారంలో ముంబై నుంచి గోవా పోయిన కార్డీలియా షిప్‌లో సుమారు 2,000 మందికి టెస్ట్‌లు చేస్తే 66 మందికి కోవిడ్ వచ్చింది. చివరికి షిప్ మళ్లీ ముంబైకే తిరిగొచ్చింది. గోవా నుంచి ఆ రోజే ఫ్లైట్ పెట్టుకున్నవాళ్ల సంగతి ఆలోచించండి. షిప్ టికెట్ వేరు, ఫ్లైట్ టికెట్ వేరు. షిప్ లేటయిందని ఫ్లైట్ వాళ్లు ఆగరు.

ముంబైలో షిప్ దిగేది బల్లార్డ్ పియర్, సీఎస్‌ఎంటీ స్టేషన్‌కు దగ్గర్లోనే. ఎయిర్‌పోర్ట్ అటు అంధేరి వైపు, పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. సోమవారం పొద్దున ట్యాక్సీలో గంట అనుకుంటే గంటన్నర కూడా కావచ్చు. 2025 అక్టోబర్‌లో మెట్రో లైన్ 3 పూర్తిగా మొదలైంది. సీఎస్‌ఎంటీ మెట్రో స్టేషన్‌లో ఎక్కితే టీ1కీ టీ2కీ నేరుగా పోవచ్చు, ట్రాఫిక్ గొడవ లేదు. సామాన్లు తక్కువుంటే నేనైతే మెట్రోనే అంటా. నానమ్మ, నాలుగు సూట్‌కేసులు ఉంటే మాత్రం ట్యాక్సీ.

ఇంకో సంగతి, ఇది కొత్తది. 2025 డిసెంబర్ నుంచి నవీ ముంబైలో రెండో ఎయిర్‌పోర్ట్ నడుస్తోంది. యాప్‌లో "ముంబై" అని కొడితే రెండూ కలిపి చూపించొచ్చు. టికెట్ మీద బీఓఎం ఉంటే పాతది, ఎన్‌ఎంఐ ఉంటే నవీ ముంబై. అటల్ సేతు మీదుగా పోవచ్చు కానీ దారే వేరు. డబ్బులు కట్టేముందు ఆ మూడక్షరాలు చూడండి.

ఇప్పుడు కూడదాం. 9:30కి బయట, 11కి ఎయిర్‌పోర్ట్, కౌంటర్ గంట ముందు మూస్తారు కాబట్టి 12 గంటల ఫ్లైట్ అంచుల మీద దొరుకుతది. దానికి రెండు గంటల బఫర్ కలపండి. 2 తర్వాత ఫ్లైటే సేఫ్. తమ్ముడు చెప్పిన 2:30ది సరిగ్గా సరిపోతది. మరీ లేటయినా మనకు ఇబ్బందే. మనకు ఇల్లంటే శంషాబాద్ కాదు కదా! 4 గంటలకు దిగి, పుష్పక్ బస్సులో జేబీఎస్ వచ్చి, అక్కడ కరీంనగర్ బస్సెక్కితే ఇంటికొచ్చేసరికి రాత్రి పదిన్నర, పదకొండు. సాయంత్రం ఏడు ఫ్లైట్ అయితే తెల్లారుజాము అయితది.

ఆదిలాబాద్ వాళ్లకు నా సలహా వేరే. అసలు ఫ్లైట్ ఎందుకు? హైదరాబాద్‌లో దిగితే మళ్లీ 300 కిలోమీటర్లు రోడ్డు. నాగ్‌పూర్‌లో దిగితే 200 దాకా. నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్ అయితే సీఎస్‌ఎంటీ నుంచి సాయంత్రం బయల్దేరి మర్నాడు పొద్దున ఆదిలాబాద్‌లోనే దింపుతది. షిప్ రెండు గంటలు లేటయినా టెన్షన్ లేదు. బెర్త్ మాత్రం ముందే బుక్ చేసుకోవాలి.

సింగపూర్ క్రూయిజ్ పోయేటోళ్లకు ఒక్క ముక్క. షిప్‌లో తిరిగి సింగపూర్ వచ్చినప్పుడు మళ్లీ దేశంలోకి ఎంటర్ అయినట్టే లెక్క. వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి, ఎరైవల్ కార్డ్ మళ్లీ నింపాలి. అది ఫ్రీ, ఎవరికీ పైసలియ్యకండి.

చివరి రాత్రి పెద్ద బ్యాగులు బయట పెట్టేముందు నాన్న బీపీ గోలీలు, ఆధార్ కార్డులు, ఛార్జర్లు, రేపు వేసుకునే బట్టలు చేతి సంచిలోకి తీసెయ్యండి. బ్యాగులు పోయినంక మళ్లీ పొద్దున కిందే దొరుకుతాయి.

తమ్ముడూ, ఒకవేళ 10:30ది ఆల్రెడీ బుక్ చేసేసి ఉంటే, ఇప్పుడే మార్చుకో. ఛార్జీ పడ్డా పర్లేదు. ఆ రోజు పోకుండా ఉంటే నో-షో కింద టికెట్ డబ్బులు పోతయ్. ట్యాక్సులు, ఎయిర్‌పోర్ట్ ఫీజులు మాత్రం రూల్ ప్రకారం వాపస్ ఇయ్యాలి, అదన్నా అడిగి తీస్కో. నానమ్మకు వీల్‌చైర్ షిప్‌లో ఒకసారి, ఫ్లైట్‌లో ఒకసారి, రెండు చోట్లా విడివిడిగా చెప్పాలి. మర్చిపోకు. ఉంటా మరి.