వార్తల్లో పదం: ఎక్మో

గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారి అంతిమదినముల వార్తలవలన 2020లో తెలుగువారి చెవినబడిన ఎక్మో, శరీరమునుండి రక్తమును వెలికి తెచ్చి, కృత్రిమమైన పొరద్వారా ప్రాణవాయువు నెక్కించి మరల లోనికి పంపుచు, అలసిన ఊపిరితిత్తులకును హృదయమునకును విశ్రాంతి నొసగెడి యంత్రము. రోగమును మాన్పదు, వ్యవధి నిచ్చును. రక్తస్రావభయమును కలదు.

1996లో వెలువడిన బ్రిటిష్ పరిశోధనలో సాధారణ చికిత్సకు నిర్ణయింపబడిన 92 నవజాత శిశువులలో 54 మంది మరణింపగా, ఎక్మోకు నిర్ణయింపబడిన 93 మందిలో 30 మందియే మరణించిరి. బ్రదికినవారిని ఏడేండ్ల ప్రాయమువఱకును పరిశీలించుట నాకు మిక్కిలి గౌరవపాత్రముగ దోచును, ఏలయన బిడ్డ ఎట్లు బ్రదుకునన్నదియు తల్లి యడుగును.

ఈ యంత్రము అధికముగ మహానగరములలోనే యుండుటచే, బెంగాల్-నాగపూర్ రైల్వే కొలువులకై వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు, పసివాడు డొక్కలెగురవేయుచుండగనే జాగుసేయక వైద్యుని చూడవలెను.